గొంతులో లేని ఎముక

కరిబసవస్వామిని ఏదైనా అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. కొండకింది మఠంలో అందరికీ అలవాటైపోయిన సంగతే. కొత్తగా చేరిన శిష్యుడు ఓబులేసుకు మాత్రం ఇంకా ఒళ్ళు మండేది.

ఆ వారమంతా ఊళ్ళోని పశువుల ఆసుపత్రిలో కుక్కలకు సూదులు వేస్తున్నారు. మఠం కుక్క గొబ్బిని తీసుకుపొమ్మన్నాడు స్వామి. ఓబులేసు కదలకుండా నిలబడ్డాడు.

"పోయినేడు వేయించినారు గదా సామీ. గుండ్రాయి మాదిరి ఉండాది. బాగుండే కుక్కకు ఏటేటా సూదెందుకు?"

స్వామి నవ్వాడు. "సుంకమ్మ కుక్కను గూడా తోలుకొని పోదువులే. ముందు పోయి దాన్ని పట్టుకొనిరా, గొబ్బి ఈడనే ఉండనీ" అన్నాడు.

సణుక్కుంటూ వాగు దాటాడు ఓబులేసు. అవతలి ఒడ్డున కాపరి సుంకమ్మ గొర్రెల దొడ్డి. అక్కడి కాపరులకు ఒక పద్ధతి ఉంది. సూది పడిన గొర్రె వీపుమీద వెంటనే ఎర్రటి కావి పూస్తారు, ఒకదానికే రెండోసారి పడకుండా. సుంకమ్మ కుక్క కర్రోడు ఆ గొర్రెల మధ్యే దొర్లేది కనక దాని వీపూ ఎర్రగానే ఉండేది. ఆ ఎరుపు చూసి, దానికీ సూది పడిందనే ఆమె ఏళ్ళుగా నమ్ముకుని ఉంది. పాపం, మోసం చేసే మనిషి కాదు.

"మావోడికి అయిపోయింది నాయనా, కావి చూడు" అంది. "రెండు దినాలుగా కూడు ముట్టల్యా. నోరు మూయకుండా సొల్లు కారుస్తాండాడు. గొంతులో ఎముక ఇరుక్కునిందేమో. నిన్న నేను చెయ్యి పెట్టి చూస్తి, దొరకల్యా. నీ వేళ్ళు పొడుగు, నువ్వు చూడు."

ఓబులేసు మెత్తని మనిషి, పైగా ఆ ఊరివాడే కనక కర్రోణ్ణి పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఎరుగును. దవడ పట్టుకుని వేళ్ళు లోపలికి పోనిచ్చాడు. ఎముక లేదు. చెయ్యి వెనక్కి తీస్తుంటే కోరపన్ను గీరుకుని వేలిమీద నెత్తురు ఊరింది. అప్పుడు కర్రోడు తలెత్తి చూసింది. అతన్నే కాదు, అసలు మనిషినే ఎప్పుడూ ఎరగనట్టు చూసింది. తర్వాత మొరిగింది. ఆ బొంగురు గొంతు దానిది కాదు. మొరిగి, దడికర్రను కొరకడం మొదలుపెట్టింది. చిగుళ్ళు చీరుకుపోతున్నా వదల్లేదు. ఇది ఎముక కాదని ఓబులేసుకు తెలిసిపోయింది. సుంకమ్మకూ అర్థమైంది. తన చెయ్యి తాను చూసుకుంటూ కూలబడింది.

గొర్రెలు మేతకు పోయి ఉన్నాయి, అదొక్కటే నయం. దడి తలుపు బిగించి ఇద్దరూ మఠానికి పరుగెత్తుకొచ్చారు.

విన్న వెంటనే స్వామి లేచాడు. ఇద్దరి చేతులూ కుళాయి కింద పెట్టించి, సబ్బుతో తానే కడిగాడు, చాలాసేపు కడిగాడు.  తర్వాత ఇద్దరినీ బస్సెక్కించాడు. పెద్దాసుపత్రిలో ఓబులేసుకు గాయం చుట్టూ సూదులు పొడిచారు, ఇద్దరికీ భుజానికి వేశారు, మళ్ళీ ఎప్పుడెప్పుడు రావాలో చెప్పి పంపారు. పశువుల డాక్టరు దొడ్డి దగ్గరికి చేరేసరికి కర్రోడు చచ్చిపడి ఉంది. పిచ్చికుక్క జబ్బేనని పరీక్షలో తేలింది.

ఇక ఓబులేసు బతుకు బతుకు కాదు. నీళ్ళ చెంబు ఎత్తితే గొంతు పట్టేస్తుందేమోనని భయం. గుటక దిగితే ప్రాణం లేచొచ్చేది, మళ్ళీ దాహమేస్తే మళ్ళీ అదే భయం. కళ్ళు మూస్తే కర్రోడి చూపే.

రెండో సూదినాడు ఎవరూ చెప్పకుండానే లేచి, స్నానం చేసి గడప దగ్గర నిలబడ్డాడు. బస్సుకు ఇంకా చాలా పొద్దుంది. ఆ గడప పక్కనే గొబ్బి వెల్లకిలా పడుకుని ఈగను నోటితో పట్టబోతూ ఆడుకుంటోంది. దాన్ని చూస్తుంటే ఓబులేసుకు ఏడుపొచ్చింది.

స్వామి గొబ్బి గొలుసు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"నీకు భయం పుట్టింది, నీ కాళ్ళతో నువ్వే పోతాండావు" అన్నాడు. "దాని భయం ఎవరు పడాల?"