రావడం మానేసిన అర్జీదారులు

ఒకానొక రాజ్యంలో మల్లభూపతి అనే రాజుండేవాడు. పొగిడితే చాలు, ఉబ్బితబ్బిబ్బయ్యే రకం. ఆయన కొలువులో అర్జీలు చదివి వినిపించే పని తిప్పనది. పాపం, ఊళ్ల ఏడుపంతా ఆయన గొంతులోంచే పోవాలి. ఏ అర్జీకైనా ఏడు కచేరీల్లో ముద్రలు పడితేగాని రాజుగారి దాకా రాదు.

ఆ ఏడాది పరిపాలనా శాస్త్రంలో దిట్ట అంటూ వేదాద్రిభట్టు కొలువుకొచ్చాడు. తాను చదివిన మూడు విద్యాపీఠాల గొప్ప, ఆరుగురు గురువుల గొప్ప చెప్పుకోవడానికే ఆయనకు ఒక పూట పట్టింది.

"ఇంతకీ తమరి పరిశోధన దేనిమీదండీ?" అడిగాడు తిప్పన.

"మీ అర్జీల మీదేనయ్యా! పదేళ్ల దస్తరాలు తిరగేశాను. పెట్టినవాళ్లలో నూటికి తొంభైమంది ఏడాది తిరక్కుండానే కచేరీలకు రావడం మానేశారు. అంటే ప్రజలు పరమ తృప్తిగా ఉన్నారన్నమాట!"

"భేష్! భట్టుగారికి పల్లకీ ఇప్పించండి!" అన్నాడు రాజు.

తిప్పన చూపు బయటికి పోయింది. కోట గుమ్మం దగ్గర ఏటిలంక పోలమ్మ కూర్చునుంది. లంకకు పడవ ఇప్పించమని ఆమె మొగుడు సింగడు మూడేళ్ల కిందట అర్జీ పెట్టాడు. అదేమైందో కనుక్కుందామని ఏరు ఈదుతూ మునిగిపోయాడు. మళ్లీ వానలు దగ్గరపడ్డాయి. లంకలో ఇంకా నలభై గడపలున్నాయి.

"ప్రభూ, పద్ధతి అంత గొప్పదైతే పల్లకీ కూడా ఆ ఏడు కచేరీల దారినే రానివ్వండి" అన్నాడు తిప్పన. రాజు సరేనన్నాడు. కాదంటే తన పరిశోధన పరువు పోతుందని భట్టు తలూపాడు.

మొదటి కచేరీలో ముద్ర వేసేవాడు పెళ్లికి పోయాడు. రెండో కచేరీలో విద్యాపీఠాలకు సాక్షుల్ని తెమ్మన్నారు. మూడో కచేరీలో రేపు రమ్మన్నారు, ఆ మర్నాడూ అదే మాట. నెల తిరిగేసరికి భట్టు విసిగిపోయి ఇంట్లో పడుకున్నాడు.

"భట్టుగారు కనబడరేం? పల్లకీ ముట్టిందా?" నిండుకొలువులో అడిగాడు రాజు.

"ముట్టలేదు ప్రభూ. అడగడం మానేశారు. పరమ తృప్తిగా ఉన్నట్టున్నారు!" అన్నాడు తిప్పన.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువంతా నవ్వింది. తిప్పన మాత్రం నవ్వలేదు.

"తృప్తిపడ్డవాళ్లు ఇంకా ఉన్నారు ప్రభూ. చదవమంటారా? ఏటిలంక సింగడు, పడవ కోసం. ఏట్లో పోయాడు. మెట్టగూడెం అచ్చమ్మ, వైద్యుడి కోసం. బిడ్డతో సహా పోయింది. చిలకపాడు గవరయ్య..."

రాజు నవ్వు ఆగిపోయింది. "చాలు తిప్పనా."

"నూట పన్నెండు పేర్లున్నాయి ప్రభూ."

రాజు ఆ చిట్టా అందుకుని పేర్లన్నీ చూశాడు. చివరికి, "నీకేం కావాలో కోరుకో" అన్నాడు.

"పడవ. ఏ ముద్రా లేకుండా, ఇవాళే."

సాయంత్రానికి పడవ ఏట్లోకి దిగింది. పోలమ్మ దాని అంచు తడిమి చూసింది.

"అయ్యా, మా ఆయన అర్జీ కాగితం ఇప్పిస్తారా? ఆయన వేలిముద్ర ఇంకెక్కడా లేదు."

ఆ కాగితం ఐదో కచేరీలో ఉంది. తిప్పన స్వయంగా వెళ్లాడు. రేపు రమ్మన్నారు.