కథలు చదివిన పొన్నకు కొలువేది?

బూరుగుకోన అడవిలో ఏనుగులు, దుప్పులు, కోతులు, కుందేళ్లు, ముంగిసలు, ముళ్లపందులు కలిసి ఉండేవి. ఒక సింహం వాటికి రాజు. ఆ అడవిలో ఒక విద్యాలయం ఉండేది. అఆలు దిద్దించే బడి కాదు పిల్లలూ, పెద్ద చదువుల విద్యాలయం! తవ్వకాల శాఖ, ఈత శాఖ, కొలతల శాఖ అని అందులో బోలెడు శాఖలు.

అన్నిట్లోకీ కొలతల శాఖకే గిరాకీ. అది చదివితే రాజుగారి కొలువు ఖాయమని పేరు. పిల్ల ఇంకా కళ్లు తెరవకముందే "మావాడు కొలతలే చదువుతాడు" అని చాటుకునే తల్లిదండ్రులు చెట్టుకొకరు కనిపించేవారు.

ఓ మూలన, చినుకు పడితే కారే పాకలో సాహిత్య శాఖ నడిచేది. అక్కడ పాఠం చెప్పేది కంటకయ్య మాస్టారు అనే ముసలి ముళ్లపంది. ఆయన తన వీపు మీది ముల్లు తానే పీక్కుని, దానితో ఆకుల మీద పాత కథలన్నీ రాసేవారు. ఆ శాఖకు మాస్టారు ఒక్కరే, శిష్యురాలు కూడా ఒక్కతే. ఆ ఒక్కతే మన పొన్న అనే ముంగిస.

పొన్నకు కథంటే ప్రాణం. మంచి కథ వింటున్నప్పుడు దాని తోక దానంతటదే ఊగేది. ఏడుపు కథైతే రెండు రోజులు అన్నం సయించేది కాదు. తల్లి గరికమ్మ మాత్రం ఈ చదువు చూసి తల పట్టుకునేది. వాళ్ల వంశంలో అందరూ తవ్వకాలవాళ్లే మరి.

"కథలు తింటావా, కప్పుకుంటావా?" అని అడిగింది గరికమ్మ ఒకరోజు.

"ఏమోనమ్మా. చదవకపోతే మాత్రం నాకు ఊపిరాడదు," అంది పొన్న.

కన్నతల్లి కదా, ఇంకేమంటుంది? సణుగుతూనే రోజూ సద్దిమూట కట్టి పంపేది.

చదువులు పూర్తయిన ఏడాది చివర, ఆ విద్యాలయంలో కొలువుల పండుగ జరుగుతుంది. ఆ రోజు అడవిలోని పెద్దలంతా వచ్చి, తమకు కావలసినవాళ్లను ఏరుకుని పనిలో పెట్టుకుంటారు. పొన్న కూడా తోక దువ్వుకుని, గంపెడాశతో వరసలో నిలబడింది. కుందేళ్లను తవ్వకాలవాళ్లు తీసుకుపోయారు. నీటికుక్కలను ఈతవాళ్లు తీసుకుపోయారు. కొలతలు చదివిన కోతుల కోసమైతే కొట్లాటే జరిగింది. పొద్దు వాలేసరికి మైదానంలో పొన్న ఒక్కతే మిగిలింది. ఏడుపు తన్నుకొచ్చింది పాపం.

అప్పుడు రాజుగారి కొలతల మంత్రి కొలతల రాయుడు అటు వచ్చాడు. రాయుడంటే మామూలు కోతి కాదు. వాగు లోతు, చెట్టు ఎత్తు, ఏనుగు తొండం పొడవు, దేన్నైనా చిటికెలో కొలిచి చెప్పేస్తాడు. అంతకు రెండు నెలల ముందే రాజుగారి పసికూన బారసాల జరిగింది. పూర్వం అలాంటి వేడుక వస్తే గడపగడపకూ తిరిగి, బొట్టు పెట్టి పిలిచేవారు. దానికి తొమ్మిది రోజులు పట్టేది. రాయుడు ఆ పద్ధతి ఎత్తేశాడు. కొండచెట్ల మీద చిలకలను కూర్చోబెట్టి, ఒక్క పూటలో పిలుపు అరిపించేశాడు. తొమ్మిది రోజులు మిగిల్చానని అప్పటినుంచి అతడి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"ఏమ్మా, కథలకు బేరం రాలేదా?" అన్నాడు రాయుడు పళ్లు ఇకిలిస్తూ. ఒక్క కొలువు కూడా రాని శాఖ అడవికి దండగని, వేసవి దాటేలోగా ఆ పాక ఖాళీ చేయించి తన కొలతకర్రలు పెట్టుకుంటానని కూడా చెప్పాడు. అన్నంత పనీ చేశాడు. రాజుగారి ముద్ర వేయించి, పాక గుమ్మానికి ఆజ్ఞ రాసిన ఆకు అంటించేశాడు.

కంటకయ్య మాస్టారు మర్నాడు ఎప్పటిలాగే పాఠం చెప్పారు. పొన్నకు మాత్రం పాఠం తలకెక్కలేదు. ఈ పాక పోతే మాస్టారూ పోతారు, ఆయన ఒంటి ముళ్లతో రాసిన కథలన్నీ చెదలపాలవుతాయి.

ఇంతలో అడవి మీద పెద్ద కష్టం వచ్చిపడింది. బూరుగుకోనకు నీళ్లిచ్చేది పాలవాగు. అది పుట్టేది పైనున్న తేనెగుట్ట మీద. అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయి. ఎండలు ముదరగానే ఆ ఎలుగుబంట్లు వాగుకు అడ్డంగా బండలు దొర్లించాయి. కింద అడవికి చుక్క నీరు రాలేదు. దుప్పుల నాలుకలు పిడచకట్టుకుపోయాయి.

రాయుడు కొలతకర్ర భుజాన వేసుకుని గుట్ట ఎక్కాడు. ఎలుగుల పెద్ద భల్లప్ప తాత ముందు నిలబడి లెక్క ఒప్పజెప్పాడు. ఎలుగులు ఇరవై ఏడు, ఒక్కొక్కదానికి రోజుకు నలభై గుక్కలు చాలు, మిగతా నీళ్లు మీకెందుకని నిలదీశాడు. లెక్క తప్పేం కాదు. భల్లప్ప తాత అంతా విని, ఆ కొలతకర్ర అందుకుని, మోకాలి మీద ఫెళ్లున విరిచి చేతికిచ్చాడు. రాయుడు పడుతూ లేస్తూ కిందికి వచ్చాడు.

మృగరాజుకు కోపం నషాళానికి అంటింది. రేపు పొద్దున్నే ఏనుగులతో గుట్ట మీదికి దండు వెళ్లాలని ఆజ్ఞ ఇచ్చాడు. గుంపులో వెనక నిలబడ్డ పొన్న ఎవరో తోసినట్టుగా ముందుకు వచ్చేసింది.

"ప్రభూ, ఈ ఒక్క పూట నన్ను వెళ్లనివ్వండి," అంది.

"వెళ్లి ఏం చేస్తావు?"

"వింటాను."

సభలో నవ్వులే నవ్వులు. రాజుకు మాత్రం నవ్వు రాలేదు. పోతే ఒక పూటే కదా అనుకుని, సాక్షిగా రాయుణ్ని వెంట ఇచ్చి పంపాడు. గరికమ్మ దారి పొడవునా ముక్కు చీదుకుంటూ గుట్ట మొదలుదాకా సాగనంపింది.

పొన్న పైకి వెళ్లి భల్లప్ప తాతకు దణ్ణం పెట్టి కూర్చుంది. నీళ్ల మాట ఎత్తలేదు. ఎలా ఉన్నారు తాతా అని అడిగి ఊరుకుంది. ముసలాయనకు అడిగేవాళ్లు దొరకడమే కరువేమో, మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలుపెట్టాడు. పాలవాగు తమదేనన్నాడు, తమ తాతల కాలం నుంచీ తమదేనన్నాడు. ఉన్నట్టుండి, బారసాల పాయసం బాగా కుదిరిందటగా అని అడిగాడు. కుదిరిందని పొన్న చెప్పింది. మళ్లీ వాగు గొడవలో పడ్డాడు. కాసేపటికి, ఎంతమంది వచ్చారేమిటి ఆ బారసాలకు అన్నాడు. మళ్లీ వాగు, మళ్లీ బండలు. ఇంకాసేపటికి చూపు ఎటో తిప్పుకుని, పసివాడికి తేనె ఎవరు నాకించారని అడిగాడు.

రాయుడు పక్కన కూర్చుని బండలు లెక్కపెట్టుకుంటున్నాడు.

పొన్న చెవులు మాత్రం నిక్కబొడుచుకున్నాయి. కథలో ఒకడు ఒకదాని గురించి పోట్లాడుతూ, మళ్లీ మళ్లీ ఇంకొకదాని గురించి అడుగుతుంటే, ఆ అడిగేదాన్ని పట్టుకోమని మాస్టారు ఎన్నిసార్లు చెప్పలేదు! ఇది నీళ్ల తగాదా కానే కాదు. పొన్నకు ఒళ్లంతా జల్లుమంది. లేచి గెంతాలనిపించింది. బలవంతాన కూర్చుని మెల్లగా అడిగింది.

"తాతా, బారసాల పిలుపు మీ ఇంటికి ఎవరు తెచ్చారు?"

భల్లప్ప తాత మోకాళ్లు నిమురుకున్నాడు.

"చెట్టు మీంచి చిలక అరిచింది," అన్నాడు. "అరిస్తే వెళ్లడానికి మేమేం పరాయివాళ్లమా? మీ రాజు పుట్టినప్పుడు తొలి తేనె నాకించింది ఈ చెయ్యే. వాళ్ల నాన్నకు నాకించింది మా నాన్న. మూడు నెలల నుంచి ఈ ముసలాణ్ని ఎవరు తలుచుకున్నారు? పిలవని పేరంటానికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

ఇక చూడాలి పొన్న పరుగు! గుట్ట మీంచి ఒకే ఉరుకున దొర్లుకుంటూ వచ్చి సభలో పడింది. రొప్పుతూనే విషయమంతా చెప్పేసింది. వెనకే వచ్చిన రాయుడు ఒప్పుకోలేదు. చిలక అరుపు తేనెగుట్ట దాకా వినపడుతుందని తాను కొలిచి మరీ చూశానన్నాడు.

"వినపడటం వేరు ప్రభూ, పిలవడం వేరు," అంది పొన్న.

మృగరాజు తల దించుకున్నాడు. తన బారసాల కబుర్లన్నీ తల్లి నోట వందసార్లు విన్నవాడే. అప్పటికప్పుడు రాణిని పిలిచాడు, కుంకుమ భరిణ తెమ్మన్నాడు, పసికూనను నోట కరచుకుని నడిచాడు. ఏ రాజూ నడిచి ఎక్కని గుట్ట అది. అడవి అడవంతా వెనకే కదిలింది.

రాణి తాత భార్య ఎలుగు అవ్వకు బొట్టు పెట్టింది. మృగరాజు భల్లప్ప తాత ముందు మోకరిల్లాడు.

"తప్పైపోయింది తాతా. నీ చేతి తేనె లేకుండా నా బిడ్డకు పేరు పెట్టాను. మళ్లీ పెడతాను, రా," అన్నాడు.

భల్లప్ప తాత లేచి గుహలోకి వెళ్లాడు. కాసేపటికి ఆయన ఒక పెద్ద తేనెపట్టు మోసుకుని బయటికి వచ్చాడు. అది బారసాల కోసమని మూడు నెలల కింద దాచిపెట్టినది. ఎలుగుల ఇంట్లో, ఒక్క వేలు కూడా పడకుండా అలాగే ఉంది! ఆయన వేలితో తేనె తీసి పసికూన నాలుకకు రాశాడు. అది చప్పరించి ఇంకా కావాలని ఆయన వేలు కొరికింది. ముసలాయన ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు.

ఆ తర్వాత బండలు తీయమని ఎవరూ అడగలేదు. ఇరవై ఏడు ఎలుగులూ వాగులోకి దూకి ఒక్కో బండా దొర్లించేశాయి. నీళ్లు హోరున కిందికి ఉరికాయి. కుందేళ్లు తడిసి ముద్దయ్యాయి, దుప్పులు చెంగుచెంగున గంతులేశాయి, ఏనుగులు ఎదురొచ్చినవాళ్లందరి మీదా నీళ్లు చిమ్మాయి. గరికమ్మ అయితే కూతుర్ని గట్టిగా కావలించుకుని, మా అమ్మాయి సాహిత్యం చదివిందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పింది.

ఇంకేముంది, పొన్న కోసం లాగులాట మొదలైంది. తమ గుట్ట వ్యవహారాలు చూడమని ఎలుగులు అడిగాయి. నాలుగు తరాల పగ ఒకటి తేల్చిపెట్టమని ఏనుగులు అడిగాయి. రాజుకు పెట్టుకునే విన్నపాలు రాసిపెట్టమని దుప్పులు అడిగాయి. ఒక్క వారంలో ఏడు కొలువులు! పొన్న రాజుగారి కొలువులో చేరింది. పాక గుమ్మానికి అంటించిన ఆకును మృగరాజే స్వయంగా పీకి పారేశాడు.

రాయుడి మంత్రి పదవి ఊడింది. మళ్లీ జరిగే బారసాలకు గడపగడపకూ తిరిగి బొట్టు పెట్టి పిలిచే పని అతడి మీద పడింది. తొమ్మిది రోజులూ కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఒక్కో గడపలో కూర్చోబెట్టి ఒక్కో కథ చెప్పారు.

పదో రోజు పొద్దున సాహిత్య శాఖ ముందు చేరడానికి వచ్చిన పిల్లలు వరస కట్టారు. కుంటుకుంటూ వచ్చి ఆ వరస చివర నిలబడింది ఎవరనుకున్నారు? రాయుడే. తన వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

"ఇంత లెక్కలు తెలిసినవాడివి, నీకు కథలెందుకు నాయనా?" అని అడిగారు కంటకయ్య మాస్టారు.

రాయుడు తల గోక్కున్నాడు.

"ఆ రోజు గుట్ట మీద నేనూ ఉన్నాను మాస్టారూ. పొన్న విన్న ప్రతి మాటా నేనూ విన్నాను. నాకు బండలే కనిపించాయి."

మాస్టారు పక్కకు జరిగి, చాప మీద చోటు చూపించారు.

నీతి: సాహిత్యం చదివితే ఏం పని దొరుకుతుందని నవ్వకండి, ఎదుటివారి మనసు చదవగలిగినవారికి పని లేని చోటే లేదు.