నాదం దొంగిలించిన కంచరి

ఒకానొక రాజ్యంలో, ఒకానొక శుక్రవారం, పొద్దెక్కి సరిగ్గా మూడు ఘడియలైన వేళ, రాజు ప్రచండవర్మ పీట మీద కూర్చుని తలకు నూనె పెట్టించుకుంటున్నాడు.

"మాటకు మాట వచ్చింది గనక చెబుతున్నాను ప్రభూ," అన్నాడు తలంటే గురవయ్య, నడినెత్తిన చరుస్తూ. "మా వీధిలో కంచరి వీరోజుకు కూడా తమకు మోగినట్టే చెవిలో మోగుతుందట."

రాజు మెడ బిగుసుకుంది. ఆ సంగతి గురవయ్య వేళ్ళకు తెలిసింది గాని, మాట అప్పటికే నోరు దాటిపోయింది.

కిందటేడు పుట్టినరోజు పండుగకు, తాను ఎక్కడ నిలబడ్డాడో ఊరంతటికీ తెలియాలని, రాజు తన మేడ కిందనే ఫిరంగులు పేల్పించాడు. ఆ సాయంత్రం నుంచి రెండు చెవుల్లోనూ సన్నని ఈల మొదలైంది. ఆగదు, తెగదు. ఆస్థాన పండితుడు అనంతావధానిని పిలిపిస్తే ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, "ఇది రోగం కాదు ప్రభూ. ఏడు జన్మలు యోగం చేసినవాడికి గాని వినిపించని నాదం. ప్రస్తుతం ఈ భూమ్మీద తమరొక్కరికే," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి రాజు బయటికి వస్తే వందిమాగధులు "నాదసార్వభౌమా!" అని అరవడం మొదలుపెట్టారు. నిజానికి నాదసార్వభౌముడికి కంటి మీద కునుకు లేదు. కానీ బిరుదు బాధిస్తోందని ఎవరితో చెప్పుకుంటాడు? నాదం శ్రద్ధగా వినాలనే సాకుతో కోటలో చప్పుళ్ళన్నీ మాన్పించాడు. అంతఃపురంలో అందెలు తీయించాడు. నెమళ్ళను అడవికి తోలించాడు. రోకళ్ళకు గుడ్డలు చుట్టించాడు. కోట ఎంత సద్దుమణిగితే ఈల అంత పెరిగింది. అయినా ఒక్క ఊరట ఉండేది. ఇది ఇంకెవరికీ లేదు.

ఇప్పుడు ఒక కంచరికి ఉందట!

తలస్నానం సగంలో ఆపి రాజు సభకు వచ్చాడు. వీరోజును తెచ్చి నిలబెట్టారు. మసి పట్టిన పంచె, పెద్ద పెద్ద చెవులు, వాటి నిండా వెంట్రుకలు. ఇలాంటి చెవుల్లోకా, అనుకున్నాడు రాజు.

"ఏరా, నీ చెవిలో ఏం మోగుతుంది?"

"ఈల దొరా. ఇత్తడి పళ్ళెం అంచు మీద గోటితో గీకితే వస్తుందే, అట్టాంటిది."

సరిగ్గా అదే. రాజు ముందుకు వంగాడు. "ఎప్పటినుంచి?"

"మా పెద్దదాని పెళ్ళికి ముందునుంచే. పన్నెండేళ్ళు దాటింది."

రాజుది ఏడాది! సభలో ఒకరిద్దరు నవ్వు దాచుకోవడానికి తలలు వంచుకున్నారు. రాజు పళ్ళు బిగించి, "నిద్రపడుతుందా?" అని అడిగాడు.

"పడితే లేవను దొరా. మా ఆడది మొహాన నీళ్ళు కొట్టాలి."

"మరి ఆ మోత?"

"దాని మానాన అది మోగుతుంది. అదేమన్నా అన్నం అడుగుతుందా, బట్టలడుగుతుందా?"

నాదం ఉన్నందుకు కాదు, నిద్ర ఉన్నందుకు రాజు కడుపు భగ్గుమంది. సభ ముందు మాత్రం ఆ మాట అనలేదు. "వీడు మా నాదాన్ని దొంగిలించాడు. వచ్చే శుక్రవారంలోగా వీడూ, వీడి వీధి వాళ్ళూ ఊరు విడిచిపోవాలి," అన్నాడు.

"ధర్మమే ప్రభూ," అన్నాడు అనంతావధాని, ఎందుకో అందరికంటే ముందుగా.

సభలో తిప్పన అనే కవి ఉన్నాడు. కవిత్వం ఓ మోస్తరు. మాట మాత్రం పదును. అతను లేచి చేతులు కట్టుకున్నాడు.

"శిక్ష బాగుంది ప్రభూ. కానీ దొంగ సొత్తుతో సహా పొలిమేర దాటుతాడు. పక్క రాజుగారు వాణ్ణి పల్లకీలో ఎక్కించుకుని, 'మా ఆస్థానంలో పన్నెండేళ్ళ నాదయోగి ఉన్నాడు, వాళ్ళ రాజుకు నిన్నగాక మొన్న మొదలైంది' అని చాటిస్తే?"

రాజు ముఖం నల్లబడింది. పల్లకీ కళ్ళ ముందు కదిలింది. "మరేం చెయ్యమంటావు?"

"ముందు దొంగతనం రుజువు చేద్దాం. తమరు వాడి కొట్లో కూర్చోండి, వాడు పని చేసుకుంటాడు. నాదం తగ్గిందని తోచగానే చెయ్యెత్తండి. తగ్గితే వాడు లాగేసుకుంటున్నట్టే."

రాజుకు ఇది నచ్చింది. తిప్పన ఏ రోజు పడితే ఆ రోజు తీసుకువెళ్ళలేదు. సుత్తి దెబ్బలు పడే రోజులు వదిలేసి, గిన్నెలకు కళాయి వేసే రోజు చూసి తీసుకువెళ్ళాడు. కొట్లో రాజుకు ముక్కాలి పీట వేశారు. పక్కనే అనంతావధాని నిలబడ్డాడు.

వీరోజు భార్య కొండమ్మ భయంభయంగా కొలిమి తిత్తి ఊదసాగింది. తిత్తి బుసబుసమంటోంది, బొగ్గులు చిటపటమంటున్నాయి. వీరోజు రాగి గిన్నెను నిప్పుల మీద తిప్పి, నవాసారం చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క తుడుపు తుడిచాడు. ఎర్రని గిన్నె లోపల తెల్లని వెన్నెల పాకినట్టయింది. నీళ్ళలో ముంచితే సుయ్యిమంది.

"ఇంకోటి చెయ్యి," అన్నాడు రాజు.

ఇంకోటి చేశాడు. తర్వాత ఒక బిందె, రెండు మూకుళ్ళు. "ఆ మూల నల్లగా మిగిలిందిరా, చూసుకో!" అని రాజే హెచ్చరించాడు. కాసేపటికి పీట ముందుకు జరుపుకుని, "అమ్మా, కాస్త ఇటివ్వు," అని తిత్తి కర్ర తనే పట్టుకున్నాడు. కొండమ్మ బిత్తరపోయి పక్కకు తప్పుకుంది.

ఎండ నడినెత్తికి వచ్చాక తిప్పన మెల్లగా, "చెయ్యెత్తలేదేం ప్రభూ?" అన్నాడు.

"దేనికి?"

"నాదానికి."

రాజు ఉలిక్కిపడ్డాడు. అడిగిన మరుక్షణమే ఈల మళ్ళీ వినిపించింది. కానీ అంతసేపూ? అంతసేపూ అది గుర్తే లేదు.

"దొరికాడు!" అని గంతేశాడు రాజు. "పొద్దుటినుంచీ నా నాదం వీడే మింగుతున్నాడు!"

"నేను ముందే అన్నాను," అన్నాడు అనంతావధాని. కొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తిప్పన తాటాకు, గంటం తీశాడు. "ఇక జాగు వద్దు ప్రభూ. దొంగను వెళ్ళగొడుతున్నాం. ఈ కొట్టు మూతపడుతుంది. ఇకమీదట నాదమంతా, ఇసుమంత కూడా చేజారకుండా, పగలూ రాత్రీ ప్రభువుల చెవుల్లోనే ఉంటుంది. రాజముద్ర ఇక్కడ."

రాజు ఉంగరం తీశాడు. ఆకు దాకా తెచ్చి ఆగాడు. "పగలూ రాత్రీనా?"

"తమ సొత్తు కదా ప్రభూ."

"మొత్తమా?"

"దమ్మిడీ ఎత్తు పోనివ్వం."

రాజు బొగ్గుల కేసి చూశాడు, తిత్తి కేసి చూశాడు. వీరోజు నిద్ర గుర్తొచ్చింది. గొంతు తగ్గించి, "తిప్పనా," అన్నాడు, "వీణ్ణి ఇంకొంచెం దొంగిలించనిస్తే ఏం?"

తిప్పన నవ్వలేదు. అతను నవ్వకపోవడం చూసి రాజుకే నవ్వొచ్చింది. మొదట ముక్కుతో, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏడాదిగా కోటలో ఎవరూ వినని చప్పుడది.

"వాడు దొంగిలించిందేమీ లేదు ప్రభూ," అన్నాడు తిప్పన. "ఈల ఇంకా ఉంది, ఉంటుంది. పూర్తిగా పోతుందని నేను చెప్పను. ఇక్కడ దానికి తోడు నాలుగు మెత్తని చప్పుళ్ళున్నాయి, తమ ధ్యాసకు వేరే పని దొరికింది. కోటలో మిగతా చప్పుళ్ళన్నీ తరిమేసి దాన్నొక్కదాన్నే సింహాసనం ఎక్కించారు. ఇక ఆ ఫిరంగులంటారా, ఊరవతలికి పంపండి. సుత్తి పట్టే రోజున ఈ వీధి వాళ్ళు చెవుల్లో దూది పెట్టుకోవాలని కూడా ఒక మాట చాటించండి. ఉన్న చెవులు మిగులుతాయి."

తాటాకు బొగ్గుల్లో పడింది. అందెలు అంతఃపురానికి, నెమళ్ళు తోటకు తిరిగి వచ్చాయి. రాజు పడకగది కిటికీ కింద సన్నని నీటిధార పారేలా కాలవ తవ్వించారు. తిప్పనకు జరీ శాలువా, జోడెడ్ల బండి దక్కాయి. కోటలో గిన్నెలన్నిటికీ కళాయి వేసే పని వీరోజుకు దక్కింది. కాలవలో నీళ్ళు వదిలిన రాత్రి నిద్ర పట్టలేదు గాని, మూడో రాత్రి రాజు కాసేపు కునుకు తీశాడు. వీరోజంత గాఢంగా కాదు. అందుకు ఇంకా కొంచెం కుళ్ళుకునేవాడు.

కొన్నాళ్ళకు వీరోజు గిన్నెలు అప్పగించడానికి కోటకు వచ్చి ఒక సంగతి చెప్పాడు. అవధానిగారు రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే కొట్టుకు వచ్చి తిత్తి పక్కన కూర్చుంటున్నారట. నిన్న అడిగితే సంగతి చెప్పారట. రాజుగారి కంటే ముందునుంచీ ఆయన చెవిలోనూ అదే ఈల. భయం పుట్టి, ఇది ఏడు జన్మల యోగఫలమని తనకు తానే చెప్పుకుని ధైర్యం తెచ్చుకున్నారట. రాజు పిలిపించి అడిగిన రోజున, ఇంకో మాట తోచక ఆ మాటే అప్పజెప్పి, బిరుదు చేజారిపోయిందని ఇంటికి వెళ్ళి ఆ పూట అన్నం ముట్టలేదట.

రాజు అంతా విని ఒక్కటే అడిగాడు. "ఎన్నేళ్ళ నుంచట?"

తొమ్మిదేళ్ళ నుంచి.