నక్క చేర్చిన చివరి కట్టుబాటు

మొగలివాగు కొండ దిగి మలుపు తిరిగే చోట ఒక మడుగు ఉంది. ఎండాకాలంలో వాగంతా ఇసుక తేలినా ఆ మడుగులో మాత్రం నీళ్ళుంటాయి. అందుకని అడవిలో ఒకరంటే ఒకరికి పడనివాళ్ళు కూడా వానలు పడేదాకా అక్కడే ముఖాలు చూసుకోవాలి. గొడవలు రాకుండా ఎలా ఉంటాయి?

ఆ గొడవలు తీర్చే పెద్దమనిషి డిప్పయ్య అనే ముసలి తాబేలు. ఆయన చిన్నప్పుడు ఒక ఎండాకాలం నీళ్ళ కోసం పందులూ దుప్పులూ మడుగులోనే కొట్టుకున్నాయి. మడుగు బురదైపోయి ఎవరికీ గుక్కెడు నీళ్ళు మిగల్లేదు. ఆ ఏడు పోయినవాళ్ళలో ఆయన తోటివాళ్ళు చాలామంది ఉన్నారు. అలాంటి రోజు మళ్ళీ రాకూడదని ఆయన కొన్ని కట్టుబాట్లు చేశాడు.

కట్టుబాట్లు కొద్దే. చిన్నవాళ్ళు ముందు తాగాలి. నీళ్ళు పాడుచేయకూడదు. వాగొడ్డున పుట్టినవాళ్ళకు నీళ్ళ హక్కు ఉంది. తల్లి దగ్గరున్న పిల్ల జోలికి ఎవరూ పోకూడదు. ఇలాంటివే ఇంకొన్ని. మిగతా జవాబులన్నీ వీటిలోంచే రావాలని ఆయన పట్టుదల. దుప్పి తాగుతుంటే నేను ముందుకు రావచ్చా అని కుందేలు అడిగితే, చిన్నవాళ్ళు ముందు తాగాలి, నువ్వు దుప్పికంటే చిన్న, కాబట్టి రావచ్చు అని చెప్పేవాడు. నీళ్ళలో దొర్లొచ్చా అని పందిపిల్లలు అడిగితే అలాగే లెక్క తీసి, వద్దని చెప్పేవాడు. సొంత ఇష్టంతో ఒక్క తీర్పు కూడా ఇవ్వలేదు. ఆయన ఇష్టం ఆయనతోనే పోతుంది, కట్టుబాట్లు ఉండిపోతాయి కదా.

ఒక్కటే బెంగ ఆయనకి. అప్పుడప్పుడూ ఎటూ తేలని ప్రశ్న వచ్చిపడేది. అలాంటిది వచ్చిన రోజున తల డిప్పలోకి లాక్కుని మేత కూడా మరిచిపోయేవాడు. అడవిదున్న ఎర్రన్న ఆయనకు పాత స్నేహితుడు. ఒక్క ప్రశ్న తేలకపోతే కొంప మునిగిందా అని ఎర్రన్న కసిరితే, డిప్పయ్య మెడ బయటపెట్టి తన మనసులో మాట చెప్పాడు.

“ఏది అడిగినా అవుననో కాదనో తేలాలిరా ఎర్రన్నా. రెండూ తేలకూడదు, ఏదీ తేలకుండానూ ఉండకూడదు. అప్పుడే నా పని పూర్తయినట్టు. నేను పోయాక ఒక్క ప్రశ్న మిగిలిపోయినా దాని మీద మీరంతా కొట్టుకుంటారేమోనని భయం నాకు.”

ఎర్రన్న ఆయన పక్కనే పడుకుని నెమరువేశాడు. ఇద్దరూ ముసలివాళ్ళే. ఒకరి భయం ఒకరికి విడిగా చెప్పుకోనక్కర్లేదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే వెదురుపొదలు అంటుకున్నాయి. చుక్కమ్మ అనే కౌజుపిట్ట గూడు గుడ్లతో సహా కాలిపోయింది. మంట ఆరాక అది తన గుడ్ల కోసం బూడిదంతా కెలికింది. తన గుడ్లు దొరకలేదు గానీ ఒక రాతి చాటున, ఇంకా వెచ్చగా ఉన్న నెమలి గుడ్డొకటి దొరికింది. నెమలి మళ్ళీ కనిపించలేదు. చుక్కమ్మ ఆ గుడ్డును కాళ్ళతో తోసుకుంటూ వాగొడ్డుకు తెచ్చుకుంది. గుడ్డు పెద్దది, పిట్ట చిన్నది. ఎక్కి కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనలేదు. కౌజులు పొదిగే రోజులు దాటిపోయాయి, అది మురిగిపోయిందే, లేవవే అని తోటి పిట్టలు చెప్పాయి. చుక్కమ్మ లేవలేదు. ఆఖరికి గుడ్డు పగిలి, తల్లి కాళ్ళకంటే పొడుగు కాళ్ళున్న పిల్ల బయటికొచ్చింది. దానికి బుజ్జమ్మ అని పేరు పెట్టుకుంది.

అదే ఒడ్డున జంబయ్య అనే నక్క ఉండేవాడు. బుజ్జమ్మ ఒళ్ళు చేస్తున్న కొద్దీ జంబయ్యకు ఎందుకో డిప్పయ్య మీద గౌరవం పెరగసాగింది. రోజూ వచ్చి దగ్గర కూర్చునేవాడు. మీలాంటి బుద్ధిమంతుణ్ణి ఏ వాగులోనూ చూడలేదనేవాడు. ముసలాయన బెంగ ఏమిటో మెల్లగా రాబట్టుకుని, ఒకరోజు చెవిలో చెప్పినట్టు చెప్పాడు.

“తాతా, ప్రశ్నలకు అంతుందా? ఒక్కోదానికి ఒక్కో కట్టుబాటు చేరుస్తూ పోతే మీ ఆయుష్షు చాలదు. చివరగా ఒక్క మాట చేర్చండి. కట్టుబాట్లు అవునని చెప్పనిదల్లా కాదు. ఇక ఖాళీ ఎక్కడుంటుంది చెప్పండి?”

డిప్పయ్య ఆ మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. తనను ఏడిపించిన పాత ప్రశ్నలన్నీ ఒకటొకటిగా తెచ్చి దాని ముందు పెట్టాడు. ప్రతిదానికీ జవాబు వచ్చింది. ఇన్నేళ్ళ పని ఇంత చిన్న మాటతో పూర్తయిపోతుందని తెలిసి ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సాయంత్రం నీళ్ళకు వచ్చినవాళ్ళందరి ఎదుటా ఆ మాట చేర్చి, ఈ రోజుతో కట్టుబాట్లు సంపూర్ణమయ్యాయి, నేనింక నిశ్చింతగా పోతానని చెప్పాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు గానీ తాత సంతోషం చూసి అందరూ సంతోషించారు. చుక్కమ్మ కూడా మురిసిపోయి తాతకు మొక్కమని బిడ్డకు చెప్పింది.

మర్నాడు తెల్లారగానే జంబయ్య అందరూ ఉన్న వేళ చూసుకుని లేచి నిలబడ్డాడు. తల్లి దగ్గరున్న పిల్లను ముట్టుకోకూడదు, ఒప్పుకుంటాను అన్నాడు. మరి ఈ నెమలిపిల్లకు చుక్కమ్మ తల్లి అని ఏ కట్టుబాటు చెబుతోందో తాతగారు సెలవివ్వాలన్నాడు.

డిప్పయ్య కట్టుబాట్లన్నీ మనసులో మొదటినుంచి చివరిదాకా చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. తల్లి అంటే ఎవరో ఎక్కడా లేదు. అందరికీ తెలిసిన సంగతే కదా అని ఆయన ఏనాడూ దాన్ని కట్టుబాటుగా పెట్టలేదు.

“ఏదీ చెప్పడం లేదు,” అన్నాడు చివరికి.

“చెప్పనిదల్లా కాదు కదా తాతా. అంటే చుక్కమ్మ తల్లి కాదు. ఆ పిల్ల తల్లి దగ్గర లేదు. నేను తీసుకెళ్ళొచ్చు.”

దుప్పులు తలలు దించుకున్నాయి. ఎర్రన్న కొమ్ములు ఊపుతూ ముందుకు వచ్చాడు గానీ డిప్పయ్య వద్దన్నాడు. ఈ రోజు బలంతో ఆపితే రేపు ఇంకొకరు బలంతో నీళ్ళు లాక్కుంటారని ఆయనకు తెలుసు. అయినా తన చేతులారా చేసిన కట్టుబాటు ఒక పసిదాన్ని నక్క నోటికి అందిస్తోంది.

బుజ్జమ్మ తల్లి రెక్క కింద దూరడానికి చూసింది. ఆ రెక్క దానికి ఎప్పుడో చాలడం మానేసింది. తల మాత్రం దూరింది, ఒళ్ళంతా బయటే ఉంది. లోపలినుంచి అది అడిగింది.

“అమ్మా, నేను నీ పిల్లను కాదా?”

“నువ్వు నా పిల్లవే.”

“మరి ఏ కట్టుబాటూ చెప్పడం లేదని తాత అన్నాడే.”

“తాత దగ్గర ఆ మాటకు రుజువు లేదమ్మా. రుజువు లేనంత మాత్రాన అది అబద్ధమైపోదు.”

డిప్పయ్య ఆ మాట విన్నాడు. చుక్కమ్మ ఆయన వైపు తిరిగింది.

“తాతా, నాకు మీ అంత తెలివి లేదు. ఒక్కటి అడుగుతాను. ఇది నా పిల్ల కాదని ఏ కట్టుబాటు చెప్పింది?”

డిప్పయ్య మళ్ళీ మనసులో చదువుకున్నాడు. అదీ ఏ కట్టుబాటూ చెప్పలేదు. చెప్పనిదల్లా కాదు. అంటే చుక్కమ్మ పిల్ల కాదనడమూ కాదు. ఆయన మెడ డిప్పలోంచి పూర్తిగా బయటికొచ్చింది. పిల్ల చుక్కమ్మది కాదు, కాకపోవడమూ కాదు. ఏ ప్రశ్నకూ రెండు జవాబులు రాకూడదని తను ఇన్నేళ్ళు కాపాడుకున్నది, ఒక్క ఖాళీ మూయబోయి ఊడగొట్టుకున్నాడు.

జంబయ్య ఊరుకుంటాడా? అడ్డంగా అడిగితే ఎలా, కాదు అనే మాట ప్రశ్నలో ఉండకూడదు, ఫలానాది ఉందా అని సూటిగా అడిగిన ప్రశ్నకే కట్టుబాటు వర్తిస్తుంది అని వాదించాడు. వాదన పొడుగైంది, ఎండ ఎక్కింది. మాట్లాడి మాట్లాడి జంబయ్య నాలుక పిడచకట్టుకుపోయింది. పిల్ల ఎక్కడికీ పోదులే, ముందు గొంతు తడుపుకుందామని మడుగు వైపు వెళ్ళి మూతి వంచాడు.

“ఆగు జంబయ్యా,” అన్నాడు డిప్పయ్య. “సూటి ప్రశ్నే అడుగుతాను. ఈ మడుగులో నీకు నీళ్ళ హక్కు ఉందా?”

జంబయ్య మూతి అక్కడే ఆగిపోయింది.

వాగొడ్డున పుట్టినవాళ్ళకు హక్కు ఉందని కట్టుబాటు. జంబయ్య పుట్టింది కొండకు అవతల. ఏదో ఎండాకాలం కాలు విరిగి, ఈడ్చుకుంటూ ఇక్కడికి వచ్చాడు. వచ్చి నీళ్ళలో మూతి పెడితే ఎవరూ అడ్డం చెప్పలేదు. ఎవడివని కూడా అడగలేదు. దాహంతో వచ్చినవాణ్ణి ఏమని అడుగుతారు? అప్పటినుంచీ తాగుతూనే ఉన్నాడు, ఏ కట్టుబాటూ తాగమని చెప్పకపోయినా.

“చెప్పనిదల్లా కాదన్నావు,” అన్నాడు డిప్పయ్య నెమ్మదిగా. “ఆ మాట ఉంచమంటావా, తీసేయమంటావా? నువ్వే చెప్పు.”

జంబయ్య నీళ్ళకేసి చూశాడు. పిల్లకేసి చూశాడు. పిల్ల ఒక్క పూట తిండి. నీళ్ళు లేకపోతే వానలదాకా బతకడు. ఎర్రన్న అప్పటికే మడుగుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఈసారి డిప్పయ్య వద్దనలేదు.

“తీసేయండి తాతా,” అన్నాడు జంబయ్య.

“తీసేస్తే కట్టుబాట్లలో మళ్ళీ ఖాళీ వస్తుందే. సంపూర్ణం కాకుండా పోతాయి.”

“పోనివ్వండి తాతా. ఖాళీ ఉంటేనే బాగుంది.”

అంతసేపూ బిక్కచచ్చి ఉన్న కుందేలు కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఒడ్డంతా పాకింది. జంబయ్య తల వంచుకుని తాగాడు. డిప్పయ్య అతను కడుపునిండా తాగేదాకా ఆగి, చివరగా చేర్చిన మాటను అందరి ఎదుటా కొట్టేశాడు.

ఇక పిల్ల సంగతి తేల్చాలని దుప్పులు అడిగాయి. కట్టుబాట్లు పలకడం లేదు, కాబట్టి మనమే కళ్ళు పెట్టి చూద్దాం అన్నాడు డిప్పయ్య. అందరూ చూశారు. బుజ్జమ్మ ఇంకా తల్లి రెక్క కింద తల పెట్టే ఉంది. చుక్కమ్మ మోయలేని బరువుతో పక్కకు ఒరిగిపోతూ కూడా రెక్క తీయడం లేదు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. పొదిగి పిల్లను చేసినది తల్లి అని డిప్పయ్య ఆ పూటే కొత్త కట్టుబాటు చేర్చాడు.

ఇప్పుడైనా పూర్తయిందా అని ఎర్రన్న అడిగాడు.  రేపు ఒకరు పొదిగి ఇంకొకరు పెంచితే ఏమిటన్నది అప్పుడే డిప్పయ్యకు తట్టింది. దానికీ ఒకటి చేర్చవచ్చు, ఆ తర్వాత ఇంకొకటి మిగులుతుంది.

“పూర్తి కాదురా,” అన్నాడు. “ఒకదానికొకటి అడ్డం రాకుండా చూసుకుంటాను. మిగిలిన ఖాళీల దగ్గర మీరంతా ఉంటారు కదా.”

ఆ రోజు ఆయన కడుపునిండా మేశాడు. జంబయ్య మాత్రం అవుననీ కాదనీ ఎవరితోనూ అనకుండా, ఎండ్రకాయలు దొరుకుతాయేమోనని వాగు దిగువకు ఇసుకలో కాళ్ళు కాలుతుంటే నడిచిపోయాడు.

నీతి: కట్టుబాటుకు అందనిదాన్ని అబద్ధమని కొట్టేసేవాడు, ఆ అందని చోట తాను నిలబడి ఉన్నాడేమో ముందు చూసుకోవాలి.