ఊబి ముందర కొత్త మంత్రి

జర్మనీ దేశంలో ఉత్తరాన, ఏడాదిలో నాలుగు నెలలు మంచు కప్పుకుని పడుకునే ఒక అడవిలో దుప్పుల రాజ్యం ఉండేది. ఇవతల గడ్డి కొండలు, అవతల ఓక్ చెట్ల తోపు, రెంటికీ మధ్య అరమైలు వెడల్పున ఊబి. ఊబి అంటే తెలుసుగా? పైకి పచ్చని తివాచీలా కనిపిస్తుంది, కాలు పెడితే లోపలికి లాగేస్తుంది. మంచు పడకముందే దాన్ని దాటి అవతలికి పోతేనే దుప్పులకు చలికాలం గడుస్తుంది. అక్కడ రాలిన ఓక్ కాయలే వాటి గాదె.

రాజుగారు తోడేళ్ళతో పోరాడి చనిపోయేనాటికి కొడుకు ఊడో పుట్టి పది రోజులైనా కాలేదు. అందుకని రాణి ఇర్మ వాడి పేరున రాజ్యం ఏలుతోంది. దీన్నే రాజప్రతినిధిగా ఉండటం అంటారు. ఆ కాలంలో ఆ దేశపు మనుషుల్లోనూ ఈ పద్ధతి ఉండేది. భర్త పోతే, కొడుక్కి వయసు వచ్చేదాకా తల్లి పాలించేది. గద్దె కొడుకుది, తలనొప్పి తల్లిది.

మరి వయసు వచ్చిందని ఎలా తెలుస్తుంది? మనుషులైతే పుట్టినరోజులు లెక్కపెడతారు. దుప్పులకు కొమ్ములే పంచాంగం. మగదుప్పికి కొమ్ములు మొలిచినప్పుడు వాటి మీద మఖమల్ లాంటి మెత్తని తోలు ఉంటుంది. కొమ్ము ముదిరాక ఆ తోలు ఎండి దురద పెడుతుంది. అప్పుడు చెట్టుకేసి రుద్ది వదిలించుకుంటాయి. రాజకుమారుడి తోలు ఊడి ఉత్త కొమ్ము బయటపడిన రోజున తల్లి ఏలుబడి ముగిసినట్టే. అదీ ఆ అడవి కట్టుబాటు.

ఆ ఎండాకాలం పొరుగు అడవి నుంచి ఒక నక్క వచ్చి కొండ బొరియలో కాపురం పెట్టింది. వచ్చిన వారానికే రెండు సంగతులు కనిపెట్టింది. ఈ ఏడు పుట్టిన దుప్పిపిల్లలు పదకొండు ఉన్నాయి, వెన్నముద్దల్లాంటివి. ఇర్మ కన్ను వాటి మీద ఉన్నంతకాలం దగ్గరికి పోవడం నక్క తరం కాదు. ఇది మొదటిది. రెండోది, ఇర్మకు మంత్రి లేడు.

"ఇంత రాజ్యం పెట్టుకుని మంత్రి పదవి ఖాళీగా వదిలేశారా! ఎంత వెర్రిబాగుల జంతువులు!" అని నవ్వుకుంది నక్క. ఆ పదవి ఖాళీగా ఎందుకుందో మాత్రం ఎవర్నీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఊడో ఒంటరిగా వాగు దగ్గర నీళ్ళు తాగుతుంటే పక్కకు చేరింది.

"ఆహా! ఏం కొమ్ములు చినరాజా! ఈ కొమ్ములు పెట్టుకుని ఇంకా అమ్మ చాటునే తిరుగుతున్నారా?"

ఊడో నీళ్ళలో తన నీడ చూసుకున్నాడు. "ఇంకా ముదరలేదంటుంది అమ్మ. ఓ నెల పడుతుందట."

"అమ్మలంతా అంతే బాబూ. మనవలు పుట్టినా కొడుకు మూతి తుడవడం మానరు. చెట్టు ఎదురుగా ఉంది, కొమ్ము నెత్తిన ఉంది. మధ్యలో ఈ నెల ఎందుకు?"

"నొప్పి పెడుతుందేమో."

"రాజులకు నొప్పి ఉంటుందని ఎక్కడైనా విన్నామా? నా కోసం చెబుతున్నానా? మీరు గద్దె ఎక్కితే చాలు. కావాలంటే ఆ మంత్రి పదవి ఇలా పడేయండి. మీరు దర్జాగా నిలబడండి, మాటలు నేను చూసుకుంటాను."

ఊడో కళ్ళు మూసుకుని కొమ్ములు చెట్టుకేసి రుద్దాడు. పచ్చి తోలు కదా, చీలికలై ఊడింది. రక్తం కారి కనురెప్ప మీదికి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కొలువులో రక్తం ఎండిన కొమ్ములతో నిలబడ్డ కొడుకును చూసింది ఇర్మ. పక్కన తోక ఊపుతున్న నక్కను చూడగానే సంగతంతా అర్థమైంది. అయినా కోప్పడలేదు. పదిమందిలో తిడితే పిల్లవాడు నక్క వైపుకే జరుగుతాడని ఆమెకు తెలుసు.

"ఇల్లు అలకగానే పండగ కాదురా అబ్బాయ్!" అని గుర్రుమన్నాడు అడవిపంది ఎబ్బో తాత. ఊడో తాతల కాలం నుంచి కొలువులో ఉన్న పెద్ద అతను.

నక్క గొంతు సవరించుకుంది. "కట్టుబాటు ప్రకారం ఊడోగారే ఇక మహారాజు. నేను వారి మంత్రిని. వారి మొదటి ఆజ్ఞ వినండి! ఈసారి ఊబి దాటేటప్పుడు పసిపిల్లలను వెంట తీసుకుపోకూడదు. పాపం, చిన్న కాళ్ళు! నా బొరియ పక్క లోయలో ఉంచి వెళ్ళండి. కంటికి రెప్పలా చూసుకుంటాను."

ఆ ఆజ్ఞ ఊడోకూ కొత్తే. అయినా నక్క చెప్పినట్టే దర్జాగా నిలబడ్డాడు.

"కోడిపిల్లలకు గద్ద కాపలానా!" అని ఒక తల్లి దుప్పి గొణిగింది. కానీ రాజు మాట. కాదంటే కట్టుబాటు తప్పినట్టు. పదకొండు మంది తల్లులూ ఇర్మ వైపు చూశారు.

ఇర్మ గద్దె దిగి పక్కకు నిలబడింది. "మంచిది. నా బరువు దిగింది. ఓక్ కాయలు రాలుతున్నాయని పిట్టలు చెబుతున్నాయి. ఆలస్యం ఎందుకు? పదండి. మంత్రిగారూ, ముందు మీరు."

"నేనా? ఎక్కడికి?"

"ఊబిలోకి."

నక్క తోక ఊపడం ఆగిపోయింది. "అదేమిటి అమ్మగారూ?"

ఎబ్బో తాత ముందుకొచ్చాడు. "నువ్వు కొత్తగా వచ్చావు, నీకు తెలీదు. ఊబిలో దారి ఏటేటా మారుతుంది. మా ముత్తాతల నాడు ఒక మంత్రి ఒడ్డున నిలబడి, 'నేల గట్టిగానే ఉంది, పదండి' అన్నాడు. నాలుగు దుప్పులు మునిగిపోయాయి. ఆయనగారి గిట్టకు మట్టైనా అంటలేదు. అప్పటి నుంచి రాజు చెవిలో మాట చెప్పేవాడు రాజుకు ముందు నడవాలి. అందుకేగా ఆ పదవికి ఎవరూ రారు! పోయినేడు అమ్మగారే ముందు నడిచారు."

"నడుస్తాను, నడుస్తాను! కానీ ఇక్కడ పిల్లల్ని చూసేదెవరు?"

"రాజుగారు ఊబిలో, మంత్రిగారు ఒడ్డునా?" అంది ఇర్మ నెమ్మదిగా. "ఊడో, నీ మంత్రి. నువ్వే అడుగు నాయనా."

ఊడో అమాయకంగా నక్క వైపు తిరిగాడు. "ఇదంతా నా కోసమేనన్నావుగా మామా. పద మరి."

అంతమంది ముందు వెనక్కి తగ్గడానికి మొహం చెల్లలేదు నక్కకు. ఒడ్డున నిలబడి అటూ ఇటూ చూసి, ఎక్కడ బాగా పచ్చగా ఉందో అక్కడే గట్టి నేల అనుకుని కాలు పెట్టింది. నాలుగో అడుగుకు పొట్టదాకా దిగిపోయింది.

"అమ్మగారూ! లాగండి! నాకీ పదవి వద్దు!"

"నాకెందుకు చెబుతారు? రాజుగారికి విన్నవించుకోండి."

"మహారాజా! మీకింకా వయసు రాలేదు! కొమ్ములు పచ్చివి! రుద్దమనడం నా బుద్ధితక్కువే!"

"మరి పిల్లల్ని లోయలో ఉంచమన్నది?" అన్నాడు ఊడో.

నక్క ఇంకో జానెడు కిందికి దిగింది.

"తొందరేం లేదు," అన్నాడు ఎబ్బో తాత. "మెడదాకా రావడానికి ఇంకా టైముంది."

"ఆకలి మహారాజా! ఆకలి!" అని ఏడ్చింది నక్క.

ఎబ్బో తాత ఒక ఎండుకొమ్మను నోట కరిచి చాచాడు. నక్క దాన్ని పట్టుకుని, ఈడ్చుకుంటూ ఒడ్డున పడింది.

ఊడో గుంపు వైపు తిరిగాడు. "ఇది నేను సొంతంగా ఇచ్చే ఆజ్ఞ. పిల్లలన్నీ మనతోనే వస్తాయి. ఈ కొమ్ములు రాలి, వచ్చే ఏడు మొలిచే కొత్తవి వాటంతటవే ముదిరేదాకా అమ్మే ఏలాలి." అని, గొంతు తగ్గించి, "అమ్మా, చాలా మండుతోందే," అన్నాడు.

ఇర్మ వాడి కొమ్ముల మీది రక్తాన్ని నాకి శుభ్రం చేసింది. "నా వెనకే రా. బాగా పచ్చగా ఉన్నచోట లోతెక్కువ. గోధుమరంగు గడ్డి ఉన్నచోట కింద వేళ్ళుంటాయి, ఆగుతుంది. చూసి నేర్చుకో."

ఆమె అడుగుల్లో ఊడో, అతని వెనక పదకొండు పిల్లలు, తల్లులు, ఆఖర్న ఎబ్బో తాత. మధ్యాహ్నానికి అందరూ అవతలి ఒడ్డున ఓక్ కాయలు నములుతున్నారు.

ఇవతల నక్క ఒళ్ళంతా బురదతో ఎండలో కూర్చుంది. కొమ్మ మీది కాకి తొంగిచూసి, "ఏం మంత్రిగారూ, రాజ్యం ఎలా ఉంది?" అని పలకరించింది.

"తడిగా ఉంది," అంది నక్క.

నీతి: ముందు నడిచే ధైర్యం లేనివాడికి దారి చెప్పే హక్కు లేదు.