వేలెడు వాలిన పైపు

నర్సీపట్నంలో లోవరాజు అనే డిష్ మెకానిక్ ఉండేవాడు. పనిమంతుడే గాని ఏదీ కొలిచి చేసే అలవాటు లేదు. ఎవరైనా అడిగితే "నా కన్నే నా కొలత" అనేవాడు.

అదే వీధిలో దేముడు అనే ముసలి తాపీమేస్త్రీ ఉండేవాడు. పోయినేడు ఆయన కట్టిన పిట్టగోడని చూసి లోవరాజు, "వంకరగా ఉంది తాతా!" అని నవ్వాడు. దేముడు ఆ సాయంత్రమే నిలువు సరిచూసే ఇత్తడి గుండుని దారానికి వేలాడదీసి చూసుకున్నాడు. దారానికీ గోడకీ వెంట్రుకంత తేడా లేదు. ఆ రోజు నుంచి లోవరాజుతో మాట మానేశాడు.

ఈ యేడు గాలివానకి దేముడి ఇంటిమీది డిష్ ఊడి పడింది. టీవీ లేకపోయినా ఆయనకి పట్టేది కాదు. కాని ఆ ఆదివారం నాలుగు గంటలకి మనవరాలు పావని రాష్ట్ర కబడ్డీ జట్టులో మొదటిసారి ఆడుతోంది. ఆ ఆట టీవీలో వస్తుంది. "తాతా, నువ్వు చూస్తున్నావంటేనే నాకు కాళ్ళాడతాయి" అని ఫోన్ చేసి మరీ చెప్పింది. ఊళ్ళో డిష్ బిగించేవాడు లోవరాజు ఒక్కడే. చేసేది లేక దేముడు కబురంపాడు.

లోవరాజు రెండింటికి వచ్చాడు. "పావుగంట పని" అన్నాడు. డాబా గచ్చు ఎగుడుదిగుడుగా ఉంది. అదేమీ చూడకుండా పైపు నిలబెట్టి నాలుగు బోల్టులూ బిగించేశాడు. డిష్ ఎంత ఎత్తుకి చూడాలో చెప్పే గీత దగ్గర దాన్ని పెట్టి, అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాడు. సిగ్నల్ దొరికితే కుయ్యిమనే మీటరు మూగదానిలా ఉండిపోయింది. మూడైంది. మూడున్నరైంది. చొక్కా తడిసి ముద్దయింది.

"మబ్బు పట్టింది కదా, అందుకే" అన్నాడు పైనుంచి.

"మిగతా ఇళ్ళ మీద మబ్బు లేదేటి? ఆళ్ళకి టీవీ వస్తంది కదా!" అంటూ దేముడు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఆ ఇత్తడి గుండే ఉంది. పైపు పక్కన దారం వదిలాడు. కింద వేలెడు సందు తేలింది.

"గీత సరిగ్గానే పెట్టాను తాతా."

"గీత సరే. దాన్ని మోసే పైపే వాలిపోతే గీత ఏటి చెప్తది? నువ్వు పక్కకి తిప్పేననుకుంటన్నావు. డిష్ పైకీ కిందకీ కూడా పోతంది."

"వేలెడే కదా!"

"నా గోడకి ఆ వేలెడు కూడా లేదు. అయినా వంకరన్నావు."

లోవరాజు మళ్ళీ పానా అందుకున్నాడు. బోల్టులు వదులు చేసి, దేముడు చూపించిన వైపు పైపు అడుగున రేకు ముక్క దోపాడు. దారమూ పైపూ ఒక్కటయ్యేదాకా ఆయన బిగించనివ్వలేదు. అప్పటికే నాలుగు దాటిపోయింది. ఈసారి లోవరాజు డిష్‌ని గోరంత, మరో గోరంత తిప్పాడు. మీటరు కుయ్యిమంది.

"మామయ్యా, సగం ఆట అయిపోయింది, వేగిరం రండి! పావని కూతకెళ్తోంది!" అని కింద నుంచి కోడలు కేకేసింది.

మోకాళ్ళ నొప్పి మరిచిపోయి దేముడు గబగబా దిగాడు. టీవీలో పావని ఇద్దరిని తాకి, చెయ్యి చాచి గీత అందుకుంది. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

లోవరాజు గుమ్మంలో నిలబడి, "తాతా, ఆ గుండు నాకిస్తావా?" అన్నాడు.

"ఇవ్వను. కొనుక్కో" అన్నాడు దేముడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. కాసేపటికి మళ్ళీ, "రేపు రా, ఎలా పట్టాలో నేర్పుతాను. ముందు ఆ పిట్టగోడ కొలుద్దువు గాని" అన్నాడు.

పిల్లలూ, అడుగున కొలవకుండా వదిలేసిన చిన్న తప్పు పైన చూపిన నేర్పునంతా వృథా చేస్తుంది. అందుకే ఏ పనికైనా మొదలు సరిచూసుకున్నాకే ముందుకు సాగాలి.