చలికాలపు చక్రాలు

ఇల్హాన్‌కి కొన్నాళ్లుగా కంటి మీద కునుకు లేదు. కారణం చెబితే ఎవరైనా నవ్వుతారని అతనికీ తెలుసు. కారు చక్రాలు.

టర్కీ తూర్పు కొండల మీద ఒక చిన్న ఊరు అతనిది. చలికాలం వస్తే అక్కడ నెలల తరబడి మంచు కరగదు. అందుకే మంచు మొదలయ్యేలోగా ఊళ్లో బండి ఉన్న ప్రతివాళ్లూ టైర్లు మార్చుకుంటారు. ఇల్హాన్ బంగారు నగలు చేసేవాడు. అందమంటే అతనికి ప్రాణం. ఏళ్లపాటు కూడబెట్టి ఒక పాత స్పోర్ట్స్ కారు కొని, దాన్ని కొత్తదానిలా చేయించుకున్నాడు. నీలం రంగు. రెండే తలుపులు. నేలను రాసుకుంటూ పోయే వాలకం. పెద్ద పెద్ద వెండి రంగు రిమ్ములు, వాటి చుట్టూ పట్టీల్లా అంటుకున్న వెడల్పాటి టైర్లు. సెలవు రోజున ఆ రిమ్ములు తుడుస్తూ వాటిలో తన ముఖం చూసుకుని మురిసిపోయేవాడు.

ఇంట్లో ఉన్న బండి అదొక్కటే. వాళ్లమ్మ నెబాహత్‌ను డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు కొండ దిగువన ఉన్న పట్నానికి అందులోనే తీసుకెళ్లాలి. ఆవిడ కిడ్నీలు ఎప్పుడో పాడైపోయాయి. ఆ ప్రయాణం ఒక్కసారి తప్పినా ఆవిడ ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఏడు మంచు ఇంకా పడలేదు గానీ, ఒక ఉదయం అమ్మను పట్నానికి తీసుకెళ్తుంటే రోడ్డు మీద అద్దంలాంటి మంచుగడ్డ పొర పేరుకుని ఉంది. ఇల్హాన్ చూసుకోలేదు. మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. గిర్రున తిరిగి, వచ్చిన దారి వైపే ముఖం పెట్టి, లోయ అంచున ఉన్న గోడకు జానెడు దూరంలో నిలబడింది.

నెబాహత్ తలగుడ్డ సర్దుకుంది.

"పోనీలేరా, ఏమీ కాలేదుగా. పద, ఆలస్యమవుతోంది" అంది.

ఆ మాటకు ఇల్హాన్ గుండె ఇంకా బరువెక్కింది. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడే టైర్ల కొట్టుకు వెళ్లాడు. కొట్టు యజమాని దుర్సున్ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఇవి ఎండాకాలపు టైర్లు. చలికి రబ్బరు చెక్కలా బిగుసుకుపోతుంది. చలికాలపు రబ్బరు మెత్తగా ఉంటుంది, అందుకే రోడ్డును పట్టుకుంటుంది. నీ రిమ్ములకు సరిపడేవి తెప్పించొచ్చు, కారు ఇలాగే కనిపిస్తుంది. కానీ నన్నడిగితే ఈ రిమ్ములు విప్పి ఇంట్లో దాచిపెట్టు. బ్రేకులకు తగలకుండా పట్టేవాటిలో అన్నిటికంటే చిన్న రిమ్ము చూసి, సన్నటి టైరు వేద్దాం."

"సన్నటిదా? వెడల్పుగా ఉంటేనే కదా పట్టు!"

"పొడి రోడ్డు మీద. మంచులో వెడల్పు టైరు పైపైన తేలుతుంది. సన్నది లోపలికి దిగబడి నిలబడుతుంది."

దుర్సున్ చూపించిన చక్రాలు మూలన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నల్లటి ఇనుప రిమ్ములు. వాటి చుట్టూ సన్నగా, కానీ ఎత్తుగా, ఉబ్బిన బుగ్గల్లాంటి టైర్లు. ఇల్హాన్ ముఖం మాడిపోయింది.

"ఇవి కూరగాయల వ్యానుకు వేస్తారయ్యా!"

"ఆలోచించుకుని చెప్పు. మంచు పడ్డాక మాత్రం నాకు ఊపిరి సలపదు" అన్నాడు దుర్సున్.

ఇల్హాన్ ఆలోచించాడు. పొద్దున్న నల్ల చక్రాలే అనుకునేవాడు. సాయంత్రం కారును చూడగానే మనసు మారిపోయేది. అసలేవీ మార్చకుండా జాగ్రత్తగా నడిపితే చాలదా అని కూడా ఒకసారి అనిపించింది. ఆ ఆలోచనకు తనే భయపడ్డాడు. అలా తేల్చుకోలేక, తేల్చుకోలేక, చివరికి వెహ్బీ బాబా దగ్గరికి బయల్దేరాడు.

బాబా సూఫీ గురువు. ఊరి పైన, కొండ వాలులో, రాతి గదులున్న ఒక పాత మఠంలో ఉండేవాడు. చాలా పెద్దవయసు. మాట తక్కువ. కుర్రతనం నుంచి ఇల్హాన్ ఆయన దగ్గరికి వెళ్తూనే ఉన్నాడు. ఆ రోజు పండక్కి వెళ్లినట్టు కొత్త తోలు బూట్లు వేసుకుని వెళ్లాడు. బాబా పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు.

"బాబా, ఒక తాయెత్తు రాసివ్వండి. కారులో కట్టుకుంటాను."

"కారుకేం జబ్బు చేసింది?"

ఇల్హాన్ జరిగిందంతా చెప్పాడు. మలుపు, గోడ, అమ్మ మాట, దుర్సున్ సలహా, ఏదీ దాచలేదు. బాబా కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆ నల్ల చక్రాలు మంచివేనా?"

"మంచివేనంటాడు దుర్సున్."

"నువ్వేమంటావు?"

ఇల్హాన్ తల దించుకున్నాడు. "మంచివే బాబా. కానీ వాటిని వేస్తే అది నా కారులా ఉండదు. ఊరు ఊరంతా నవ్వుతుంది."

బాబా పొయ్యి వైపు చూశాడు. "నిప్పు ఆరిపోతోంది. వెళ్లి కొట్టంలోంచి నాలుగు కట్టెలు పట్రా."

తాయెత్తు రాయడానికి ముందు ఏదో పని చెప్పాడనుకుని ఇల్హాన్ లేచి బయటికి నడిచాడు. కొట్టం వాకిలికి అవతల, దిగువన ఉంది. చేతి పంపు నుంచి కారిన నీళ్లు వాకిలంతా పరుచుకుని గడ్డకట్టాయి. రెండడుగులు వేశాడో లేదో కాళ్లు రెండూ గాల్లోకి లేచాయి. వెల్లకిలా పడ్డాడు. వంటగది కిటికీలోంచి శిష్యులు కిసుక్కున నవ్వారు. లేచాడు. బట్టలు దులుపుకుని, ఏమీ జరగనట్టు ముందుకు నడవబోయి మళ్లీ పడ్డాడు.

వెనక తలుపు కిర్రుమంది. బాబా గడప మీద నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక జత ముతక ఉన్ని మేజోళ్లు. సాగిపోయి, రంగు వెలిసిపోయి, సంచుల్లా ఉన్నాయి.

"ఇలా రా. కాలు పెట్టు."

ఇల్హాన్ గోడ పట్టుకుని ఎలాగో గడప దాకా వచ్చాడు. బాబా మోకాళ్ల మీద వంగి, మేజోడు నోరు రెండు చేతులతో సాగదీసి, అతని బూటు మీదుగానే తొడగడం మొదలుపెట్టాడు.

"అయ్యో బాబా! మీరు నా కాళ్లు ముట్టుకోవడమేంటి! నేను తొడుక్కుంటాను, ఇటివ్వండి..."

"కదలకు. పడతావ్."

రెండో కాలికీ తొడిగాడు. కిటికీలో నవ్వులు ఇంకా ఆగలేదు. ఇల్హాన్ చెవులు ఎర్రబడ్డాయి. బాబా అతని భుజం ఊతగా పట్టుకుని పైకి లేచాడు. భుజం వదల్లేదు.

"నేనూ వస్తాను. కొట్టం ముందర ఎండగా ఉంది, కాసేపు కూర్చుందాం."

"ఈ మంచులోనా? మీరు పడితే..."

"పడనివ్వవుగా" అన్నాడు బాబా.

ఇద్దరూ వాకిట్లోకి దిగారు. బాబా ఒళ్లు ఎండుకట్టెలా తేలిగ్గా ఉంది. అయినా భుజం మీద ఆ చెయ్యి ఇల్హాన్‌కి కొండంత బరువనిపించింది. ఈ వయసులో పడితే తుంటి విరుగుతుంది, ఇక మంచం దిగడు. అతను ఒక్కొక్క అడుగూ చూసి చూసి వేశాడు. ఉన్ని మంచును పట్టుకుంది. అడుగు నిలిచింది. మళ్లీ అడుగు. అదీ నిలిచింది. బిగపట్టిన ఊపిరి నెమ్మదిగా వదలసాగాడు. కిటికీలోంచి ఎవరో ఏదో అరిచారు. అతనికి వినపడలేదు.

కొట్టం ముందున్న బల్ల మీద బాబాను కూర్చోబెట్టి, తనూ పక్కన కూలబడ్డాడు. ఎండ వెచ్చగా తగిలింది. అప్పుడు కాళ్ల వైపు చూసుకున్నాడు. ఒక మేజోడు గోధుమరంగు, ఇంకోటి బూడిదరంగు. ఒకదానికి బొటనవేలి దగ్గర చిల్లు. అందులోంచి కొత్త బూటు తళుక్కున కనిపిస్తోంది. ఇవి కాళ్లకున్న సంగతే దారి పొడుగునా గుర్తు రాలేదు.

వంగి ఆ చిల్లు దగ్గర మేజోడును సర్దుకున్నాడు.

"తాయెత్తు రాయమంటావా?" అడిగాడు బాబా.

"వద్దు బాబా."

"అయితే కట్టెలు తే. చలేస్తోంది."

ఇల్హాన్ కొండ దిగి ఇంటికి వెళ్లలేదు. తిన్నగా దుర్సున్ కొట్టుకే వెళ్లాడు. "నల్లవే వెయ్యి" అన్నాడు. దుర్సున్ ఏమీ అడక్కుండా జాకీ తీశాడు. సాయంత్రానికి వెండి రిమ్ములు గోనె సంచుల్లో చేరాయి. కారు కేసి చూస్తే పెళ్లికొడుకు పొలం చెప్పులు వేసుకున్నట్టుంది. టీ కొట్టు ముందు నుంచి పోతుంటే లోపలున్నవాళ్లంతా బయటికి వచ్చి మరీ నవ్వారు. "ఇల్హాన్, టమాటాలు కిలో ఎంత?" అని అరిచాడొకడు. అతనికీ నవ్వొచ్చింది. "నీకైతే ఊరికే ఇస్తాలే" అని చెయ్యూపి వెళ్లిపోయాడు.

ఆ వారమే మంచు పడింది. మామూలుగా కాదు, రోడ్డూ పొలమూ ఏకమయ్యేట్టు పడింది. పొద్దున్నే నెబాహత్‌ను దుప్పటి చుట్టి కారులో కూర్చోబెట్టాడు. ఊరి చివర దిగుడులో గేరు తగ్గించి, నెమ్మదిగా బ్రేకు మీద కాలు ఆనించాడు. చక్రాలు మంచులోకి కరకరమంటూ దిగాయి. కారు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. మళ్లీ కదిలింది. ఆ మలుపు వచ్చింది. నెబాహత్ పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి. కారు బుద్ధిగా తిరిగి, రోడ్డు మధ్యనే ఉంటూ, గోడను దాటి వెళ్లిపోయింది. ఇల్హాన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ చూడకుండా మోచేత్తో తుడుచుకున్నాడు.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మంచు ఇంకా పడుతూనే ఉంది. కొండ సగం ఎక్కాక అతను ఏదో అడిగాడు. జవాబు లేదు. పక్కకు చూశాడు. నెబాహత్ తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, గాఢంగా నిద్రపోతోంది.

ఆవిడను ఇంట్లో దింపి, నిలవలేక, అటునుంచి అటే బాబా దగ్గరికి వెళ్లాడు. బాబా పొయ్యి దగ్గర టీ తాగుతున్నాడు.

"బాబా, ఇవాళ మంచులో వెళ్లొచ్చాం. వచ్చేటప్పుడు కారులో అమ్మ నిద్రపోయింది!"

బాబా గ్లాసు కింద పెట్టి అతని ముఖంలోకి చూశాడు.

"అయితే చాలా అందమైన కారు నీది" అన్నాడు.